అతుకు కనపడని గోడ

అమెరికాలో కాపురం పెట్టిన తెలుగు ఇల్లాలికి వింతగా తోచేవాటిలో గోడ ఒకటి. మన వైపు గోడంటే ఇటికా, సున్నమూ, సిమెంటూను. అక్కడ కర్ర చట్రానికి అటూ ఇటూ పలకలు బిగిస్తారు. రెండు కాగితాల నడుమ జిప్సం గట్టిపడితే అదే పలక. డ్రైవాల్ అంటారు. అగస్టీన్ సాకెట్ అనే ఆయన 1894లోనే ఇటువంటి పలకకు పేటెంటు పుచ్చుకున్నాడు. పలక మామూలుగా 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడుగు. కనుక గోడనిండా అతుకులే! అవి కనపడకుండా చేయడంలో ఉంది పనితనమంతా.

న్యూజెర్సీలో మేము కొన్న ఇల్లు 1968లో కట్టినది. నీరు కారి స్నానాలగది గోడ ఉబ్బింది.

“ఉప్పుకాగితంతో గీకేసి రంగు వేసేద్దాం. అమ్మ వచ్చేలోగా అయిపోతుంది” అన్నారు మావారు.

మా అత్తగారికి ఉబ్బసం. “ఆగండి, ముందు పరీక్ష చేయిద్దాం” అన్నాను.

ఎందుకంటారా? 1977లో నిషేధించేదాకా అక్కడ అతుకులకు పూసే లప్పంలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, కలిపేవారు. గీకితే కంటికి ఆనని పోగులు ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఆ జబ్బు ఎన్నో ఏళ్ళకుగాని బయటపడదు. పరీక్షలో ఉందనే తేలింది. లైసెన్సు ఉన్న పనివాళ్ళు వచ్చి, గది మూసి, గోడ తడిపి, పాత పలకలు తీసుకుపోయారు. ఆ ఖర్చుకు మావారు నాలుగురోజులు మూతి ముడుచుకున్నారనుకోండి!

కొత్త పలకలు వడ్రంగి బిగించాడు. అతుకులపని మేమిద్దరం చేసుకున్నాం.

ముందు మరమేకుల తలలు పలకలోకి కాస్త దిగి ఉండాలి. అతుకుమీద లప్పం రాసి, కాగితపు పట్టీ అంటించి, లోపల గాలి నిలవకుండా వెడల్పాటి రేకుతో నొక్కాలి. ఆరాక రెండో పూత, దానిమీద మూడోది. ప్రతి పూతా వెనుకటిదానికన్నా వెడల్పు. చివరిది అడుగుదాకా ఉంటుంది. అట్టు అంచులా పక్కలకు పలచబడాలి సుమండీ. కలిపి అమ్మే లప్పం ఒక్కో పూత ఆరడానికి 24 గంటలు పడుతుంది. ముదురుగా ఉన్నచోటు ఇంకా తడి, తెల్లబడితే ఆరినట్టు.

తరువాత దీపాన్ని గోడకు పక్కగా పట్టి చూడండి. ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. వాటిని తడి స్పాంజితో రుద్దితే దుమ్ము లేవదు. ఉప్పుకాగితం వాడితే ముక్కుకు మాస్కు తప్పదు.

ఇక ప్రైమరు. పలకమీది కాగితం ఒక తీరుగా, లప్పం మరో తీరుగా రంగు పీలుస్తాయి. ప్రైమరు లేకుండా రంగు వేస్తే అతుకులన్నీ చారలుగా తేలతాయి. గోడ తుడిచి, మొత్తానికీ ప్రైమరు వేసి, ఆరాక స్నానాలగదికి తగిన రంగు రెండు పూతలు వేయాలి. నీళ్ళు నేరుగా పడేచోట మాత్రం ఈ పలక పనికిరాదు. అక్కడ సిమెంటు పలకా, దానిమీద టైల్సూ ఉండాలి.

అత్తగారు వచ్చి గోడ తడిమి చూసి, “ఎక్కడే అమ్మాయ్ అతుకు?” అన్నారు. మావారి మూతి అప్పుడు విచ్చుకుంది.

మీ పిల్లలెవరైనా అక్కడ పాత ఇల్లు కొంటే ఈ ఒక్కమాట చెవిన వేయండి: 1977కు ముందు కట్టిన గోడనైతే, పరీక్ష చేయించకుండా గీకవద్దని!