సాగర్ ఇన్‌ఫ్లోలోనే ఇంటిగ్రేషన్.. మ్యాథ్స్ భయం పోవాలంటే ఇలా చెప్పాలి!

బీటెక్ ఫస్టియర్ మ్యాథ్స్ అంటే చాలామందికి గుబులే. 'అసలు ఈ ఇంటిగ్రేషన్ ఎక్కడ పనికొస్తుంది?' అనేది క్లాసులో ఎప్పుడూ వినిపించే ప్రశ్న. నరసరావుపేట, మాచర్ల, గురజాల విద్యార్థులకు జవాబు పక్కనే ఉంది. అదే నాగార్జునసాగర్.

అదెలాగంటే.. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్. 100 కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టీఎంసీ. రోజంతా నిలకడగా లక్ష క్యూసెక్కుల వరద వస్తే, 86,400 సెకన్లతో గుణిస్తే చాలు. 8.64 టీఎంసీలు. ఇది స్కూలు లెక్కే.

కానీ వరద నిలకడగా రాదు కదా! పొద్దున 50 వేలు ఉంటే సాయంత్రానికి లక్షన్నర కావచ్చు. అప్పుడు గంట గంటకూ ఇన్‌ఫ్లోను గ్రాఫ్ గీసి, దాని కింద వైశాల్యం కట్టాలి. అదే ఇంటిగ్రేషన్.

మరి డిఫరెన్షియల్ ఈక్వేషన్? ఇన్‌ఫ్లోలోంచి ఔట్‌ఫ్లో తీసేస్తే నిల్వ ఎంత వేగంగా మారుతోందో తెలుస్తుంది. నీటిమట్టం పూర్తిస్థాయి 590 అడుగులకు ఎప్పుడు చేరుతుందో అంచనా వేయాలంటే ఈ లెక్కే కావాలి.

కుడి కాలువకు 11 వేల క్యూసెక్కులు వదులుతున్నారనుకోండి. ఒక టీఎంసీ వెళ్లడానికి 25 గంటలకు పైనే పడుతుంది. ఉన్న నీళ్లు ఎన్ని తడులకు సరిపోతాయో తేల్చేది ఇలాంటి లెక్కలే.

అందుకే ముందు సూత్రం కాదు, ముందు సాగర్ లెక్క బోర్డు మీదకు రావాలి. 'ఈసారి చివరి భూములకు నీళ్లొస్తాయా?' అని ఇంట్లో నాన్న అడిగే ప్రశ్నకు జవాబు వెతికితే, సూత్రం దానంతటదే గుర్తుంటుంది.