సిగార్‌తో రెడ్ వైన్ జోడింపు

నిండైన రుచి గల సిగార్‌ను కాలుస్తూ, దానికి తగిన ఎర్ర ద్రాక్షసారాను (రెడ్ వైన్) ఎంచుకొని సేవించే పాశ్చాత్య పద్ధతిని సిగార్-వైన్ జోడింపు అంటారు. ఇది సాధారణంగా రాత్రి భోజనం ముగిసిన పిమ్మట జరుగుతుంది. వైన్లలో ఈ విషయమున స్థిరమైన సంప్రదాయం గలది పోర్చుగల్ దేశపు పోర్ట్ వైన్.

సిగార్ రుచి

సిగార్‌లో లోపలి పూరకమైన ఫిల్లర్, దానిని పట్టి ఉంచే బైండర్, పైన చుట్టే రాపర్ అని మూడు భాగాలు గలవు. ఫిల్లర్‌లో వాడే ఆకులకు మొక్కపై వాటి స్థానాన్ని బట్టి స్పానిష్ పేర్లు ఏర్పడ్డాయి. అడుగు ఆకు వొలాడో, నడిమి ఆకు సెకో, కొన దగ్గరి ఆకు లిహేరో. ఎండ బాగా తగిలే లిహేరో ఆకు మందంగా ఉండి, ఎక్కువ నికోటిన్ కలిగి, నెమ్మదిగా కాలుతుంది. నిండైన సిగార్లలో దీని పాలు ఎక్కువ. క్యూబాలోని వుయెల్టా అబాహో, నికరాగ్వాలోని ఎస్తెలీ ప్రాంతాలు ఇటువంటి పొగాకుకు ప్రసిద్ధి చెందినవి.

ఘాటు వేరు, రుచి నిండుదనం వేరు. ఘాటు నికోటిన్ వలన కలిగేది. దాని ప్రభావం తలతిరుగుడు, వికారం రూపంలో తెలుస్తుంది. నిండుదనం నాలుకపై పొగ కలిగించే బరువు. రాపర్ రంగును చూసి ఘాటును అంచనా వేయడం సరికాదు. ఎక్కువకాలం పులియబెట్టిన నల్లని మదూరో ఆకు తరచు తియ్యందనాన్నే ఇస్తుంది.

చెరూట్ అనే ఆంగ్ల పదానికి మూలం తమిళంలోని చురుట్టు. అదే తెలుగువారి చుట్ట. గోదావరి లంకలలో పండే లంక పొగాకు చుట్టలకు పేరు పొందినది. అయితే చుట్టకు వైన్‌ను జోడించే ఆచారం తెలుగునాట లేదు.

నోటిలో జరిగే మార్పులు

ద్రాక్ష తొక్కలు, గింజల నుండి వైన్‌లోకి టానిన్లు చేరతాయి. ఇవి లాలాజలంలోని ప్రోటీన్లతో బంధం ఏర్పరచుకొనడం వలన నోటిలోని జారుడుతనం తగ్గి వగరు తెలుస్తుంది. కరక్కాయ, పచ్చి వక్క నమిలినప్పుడు జరిగేదీ ఇదే. సిగార్ పొగ కూడ నోటిని ఎండగడుతుంది. కావున టానిన్లు అధికంగా గల లేత కాబర్నే సావిన్యాన్, బరోలో వంటి వైన్లను ఘాటైన సిగార్‌తో తీసుకుంటే వగరు, చేదు రెండూ పెరిగి వైన్ రుచి చెడుతుంది. ఇక పీనో న్వార్ వంటి సుకుమారమైన వైన్ పొగలో పూర్తిగా మరుగున పడుతుంది. రుచి అని మనం భావించే దానిలో అధిక భాగం గొంతు వెనుక నుండి ముక్కుకు చేరే వాసనయే; పొగ కమ్మేది ఆ వాసననే. వైన్ రుచి చూసే నిపుణులు ఆ గదిలో పొగ తాగనివ్వకపోవడానికి కారణమిదే. అపురూపమైన పాత వైన్‌ను సిగార్‌తో తాగడం డబ్బు వృథా చేసుకొనడమే.

పండిన పండ్ల రుచి, మెత్తని టానిన్లు గల వైన్లు ఇందుకు నప్పుతాయి. అర్జెంటీనాలోని మెండోసా మాల్బెక్, కాలిఫోర్నియా జిన్‌ఫాండెల్, ద్రాక్షను కొన్ని నెలలు ఆరబెట్టి తయారుచేసే ఇటలీ అమరోనే ఇట్టివి. లోపల నిప్పుతో కాల్చిన ఓక్ పీపాలలో నిలవ ఉంచిన వైన్‌కు వనిల్లా, లవంగం, పొగ వాసనలు అబ్బుతాయి కనుక అది పొగాకుతో సులువుగా కలుస్తుంది.

పోర్ట్ వైన్

డౌరో నది లోయలో తయారయ్యే పోర్ట్‌లో, ద్రాక్షరసం పులుస్తుండగానే సుమారు 77 శాతం ఆల్కహాలు గల ద్రాక్ష స్పిరిట్ కలిపి పులియడాన్ని ఆపివేస్తారు. అందుచేత చక్కెర మిగిలిపోయి, ఆల్కహాలు 19 నుండి 22 శాతం వరకు ఉంటుంది. ఆ తీపి పొగలోని చేదును అణచివేస్తుంది. పీపాలలో ఏళ్ళ తరబడి ఉంచి గోధుమ వర్ణానికి తెచ్చే టానీ రకం, దాని ఎండుపండ్లు, గింజల వాసన వలన సిగార్‌కు మిక్కిలి అనువైనది. 1703లో జరిగిన మెథ్యూన్ ఒడంబడిక వలన ఇంగ్లండులో పోర్చుగీసు వైన్లపై సుంకం తగ్గి, పోర్ట్ అక్కడి భోజనానంతర పానీయంగా స్థిరపడినది. 1756లో మార్క్విస్ ఆఫ్ పొంబాల్ డౌరో సాగు ప్రాంతానికి సరిహద్దులు నిర్ణయించాడు.

ఆరోగ్యంపై ప్రభావం

పొగను ఊపిరితిత్తులలోకి పీల్చనందున సిగార్ హానిచేయదనే భావన సరైనది కాదు. సిగార్ పొగ క్షారగుణం కలిగినది కనుక నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో చేరుతుంది. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ పెట్టె మొత్తంలో ఉండేంత పొగాకు ఉండవచ్చు. సిగార్ ధూమపానం నోరు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లకు కారణమవుతుంది.

ఆల్కహాలు కూడ క్యాన్సర్ కారకమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యపానాన్ని 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. రెండూ కలిసినప్పుడు నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు విడివిడి ముప్పుల మొత్తాన్ని మించిపోతుందని రోత్‌మన్, కెల్లర్ 1972లో ప్రచురించిన అధ్యయనం, ఆ తరువాతి పరిశోధనలు తెలిపాయి. పొగలోని హానికర పదార్థాలు నోటి కణాలలోకి చొరబడేందుకు ఆల్కహాలు తోడ్పడడం ఇందుకు ఒక కారణం. వైన్ ఎంత చక్కగా కుదిరినా ఈ లెక్క మారదు.

చట్టాలు

ఇంగ్లండులో 2007 జూలై 1 నుండి మూసిన బహిరంగ స్థలాలలో పొగతాగడం నిషిద్ధమైనది. భారతదేశంలో 2008 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం 30 గదులు గల హోటళ్ళు, 30 మంది కూర్చునే రెస్టారెంట్లు పొగతాగేందుకు ప్రత్యేక స్థలం కేటాయించవచ్చును. కాని ఆ స్థలంలో ఇతర సేవలు అందించరాదు.