అజంతా వృషభములు

అజంతా మొదటి గుహయందు రెండెడ్లు కొమ్ములొడ్డి పోరాడుచున్నవి. వానిని వ్రాసిన చిత్రకారుఁడు తన పేరు చెప్పుకొనలేదు. స్వామ్యము మాత్రము పలువురు చెప్పుకొనిరి.

నైజాము రాజ్యమందలి యీ గుహలు 1819లో ఆంగ్లేయుల కంటఁబడెను. గిల్లు దొర వ్రాసిన అజంతా ప్రతులలోఁ బెక్కులు 1866లో, గ్రిఫిత్సు దొర వ్రాయించిన వానిలో ననేకములు 1885లో, లండనునందే అగ్నికి ఆహుతియయ్యెను. ప్రతులు పోయినను మూలము గోడపై నిలిచెను. అదియుఁ బెచ్చులూడుచుండఁగా నైజాము ప్రభుత్వము 1920లో ఇటలీనుండి నిపుణులను రప్పించి గచ్చును గోడకుఁ బట్టించెను.

1956లో రాష్ట్రములు పునర్విభక్తములు కాఁగా గుహలు బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును జెందినవి. సికిందరాబాదునుండి టాంకుబండు దాటినచో వచ్చు పబ్లిక్ గార్డెన్సు ప్రదర్శనశాలకు అజంతా చిత్రముల ప్రతులు దక్కినవి.

సొత్తు చేతులు మాఱును. చిత్రమును గాపాడినవానినే నేను దాని యజమాని యందును.