తొలి వాసన – మలి వాసన

గల్ఫ్ నుండి సెలవుపై స్వదేశానికి వెళ్ళే తెలుగువారి పెట్టెలో సెంటు సీసా లేకపోవడం అరుదు. కువైట్ దుకాణాలలో ఊద్, అత్తరులతోపాటు పండ్ల తీపిని, పూల సౌరభాన్ని మేళవించిన పాశ్చాత్య సుగంధాలు కూడా బారులు తీరి ఉంటాయి. పొదుపు చేసిన దినార్లు వెచ్చించేముందు వాటి స్వభావం తెలుసుకోవడం మంచిది.

పండుకు, పువ్వుకు పొత్తు ఎలా కుదిరింది? జాజిపూల పరిమళంలో ముఖ్యమైన బెంజైల్ ఎసిటేట్, అరటిపండు వాసనకు మూలమైన ఐసోఎమైల్ ఎసిటేట్ రెండూ ఎస్టర్లనే ఒకే రసాయన కుటుంబానికి చెందినవి. పీచ్ పండు వాసననిచ్చే గామా అన్‌డెకలాక్టోన్ కూడా వీటికి దగ్గరి చుట్టమే.

ఈ కోవలోని రెండు ప్రసిద్ధ సుగంధాలను పోల్చి చూద్దాం. లాంకోమ్ సంస్థ 1990లో విడుదల చేసిన ‘ట్రెజోర్’ను సోఫియా గ్రోజ్‌మన్, డియోర్ సంస్థ 1999లో విడుదల చేసిన ‘జాదోర్’ను కాలిస్ బెకర్ రూపొందించారు. మొదటిదానిలో పీచ్‌తో గులాబి, రెండవదానిలో బేరి, పీచ్‌లతో జాజి, గులాబి కలిశాయి. కాగితపు పట్టీపై చల్లి చూసినప్పుడు రెండింటిలోనూ పండ్ల తీపి ముందుగా పలకరిస్తుంది. అసలు తేడా కొన్ని గంటల తరువాతగాని బయటపడదు.

స్థూలంగా చెప్పాలంటే తేలికైన అణువులు త్వరగా ఆవిరవుతాయి, బరువైనవి నిలుస్తాయి. బెంజైల్ ఎసిటేట్ అణుభారం 150. ట్రెజోర్‌లో పెద్ద మోతాదులో చేరిన గాలక్సొలైడ్ అనే కృత్రిమ కస్తూరి అణుభారం 258. వేడి పెరిగేకొద్దీ ఆవిరి పీడనం హెచ్చుతుంది. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదయింది. అటువంటి ఎండలో పండ్ల వాసన తొందరగా ఎగిరిపోయి, అడుగునున్న బరువైన తీపి మిగులుతుంది.

కిటికీలు మూసిన ఏ.సి. గదులలో ఆ తీపి తోటివారికి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవారికి, ఇబ్బంది కలిగించవచ్చు. కనుక పగటి ఉద్యోగానికి కొంత తేలికైన జాదోర్, చలికాలపు సాయంత్రాలకు ట్రెజోర్ తగినవి. ఏదైనా కొద్దిగా చల్లుకోవడమే మేలు.

కొనేముందు ఒక్కొక్క చేతిపై ఒక్కొక్కటి చల్లుకొని నాలుగు గంటలు ఆగి పోల్చాలి. వరుసగా అనేక సీసాలు వాసన చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. కొన్న సీసాను ఎండలో నిలిపిన కారులో వదలరాదు. వేడికి, గాలికి లినలూల్, లిమొనీన్ వంటి ద్రవ్యాలు ఆక్సీకరణం చెంది చర్మంపై దద్దురులు కలిగించగలవు. చల్లని, చీకటి అలమారే సెంటు సీసాకు తగిన చోటు.