ఈసెట్‌కు ముందు లెక్కల గండం

కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి వైపు పదో తరగతి పాసైన పిల్లల ముందు ఉండేవి మూడే దారులు: ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్. బొగ్గుబాయి పనికి పోయే ఇళ్లలో పాలిటెక్నిక్‌కు మొదటినుంచీ ఒక విలువ ఉంది. మూడేళ్లలో చేతికి డిప్లొమా వస్తుంది. సింగరేణిలోనో, రామగుండం ఎన్టీపీసీలోనో, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీలోనో నోటిఫికేషన్ పడితే అప్లై చేసుకోవచ్చు. ఉద్యోగం రాకపోయినా బీటెక్ దారి మూసుకుపోదు. ఈసెట్ రాస్తే నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఇంటర్, ఈఏపీసెట్ గొడవ లేకుండా ఇంజనీరు కావచ్చన్న ఆశ ఇక్కడే పుడుతుంది.

ఆ దారిలో ఒక గండం ఉంది. అదే లెక్కల పేపరు. పిల్లలు ఎం-వన్ అనీ, ఎం-టూ అనీ పిలుచుకునేది. వర్క్‌షాప్ గట్టెక్కుతుంది, డ్రాయింగ్ గట్టెక్కుతుంది, బ్రాంచి సబ్జెక్టులు ఎలాగో దాటుతాయి. "అన్నా, అన్నీ అయిపోయినయ్, ఎం-టూ ఒక్కటే ఉండిపోయింది" అని చివరి సంవత్సరంలో సీనియర్ల వెంట తిరిగే పిల్లలు ప్రతి పాలిటెక్నిక్‌లో కనిపిస్తారు. ఆ ఒక్కటి ఉండిపోతే కథ అంతా ఆగుతుంది. చివరి సెమిస్టర్‌లో ఉండగానే ఈసెట్ రాయనిస్తారు, ర్యాంకు కూడా వస్తుంది. కానీ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన నాటికి డిప్లొమా పాసై ఉండాలి. మూడేళ్ల కిందటి సబ్జెక్టు ఒకటి మెమోలో ఫెయిల్ అని ఉంటే ర్యాంకు ఎంత మంచిదైనా సీటు రాదు.

ఇంతమందికి ఈ ఒక్క పేపరే ఎందుకు తగులుకుంటుంది? పిల్లలకు తెలివి లేక అనుకునేవాళ్లు పాలిటెక్నిక్ సిలబస్‌ను ఒకసారి ఇంటర్ సిలబస్ పక్కన పెట్టి చూడాలి. ఎంపీసీ చదివేవాళ్లకు లెక్కలు రెండేళ్లు, నాలుగు పేపర్లు: వన్-ఏ, వన్-బీ, టూ-ఏ, టూ-బీ. మాత్రికలు, త్రికోణమితి, సరళరేఖలు, వృత్తాలు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అన్నీ ఆ రెండేళ్లలో పరుచుకుని ఉంటాయి. రోజూ లెక్కల పీరియడ్ ఉంటుంది. డిప్లొమాలోనూ సరుకు దాదాపు ఇదే. కాకపోతే వారానికి కొన్ని పీరియడ్లలో, సెమిస్టర్ల లెక్కన, వర్క్‌షాప్‌కూ డ్రాయింగ్‌కూ ల్యాబులకూ మధ్య ఇరికించి చెబుతారు. చేరేవాడు పదో తరగతి నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్లవాడు. నిన్నటిదాకా తెలుగు మీడియంలో చదివినవాడైతే ఇంగ్లిషు పుస్తకమే కొత్తగా ఉంటుంది. అధ్యాపకుడికి సిలబస్ పూర్తి చేయాలన్న తొందర. వెనకబడిన వాడికోసం ఆగే వీలు ఆ టైంటేబుల్‌లో లేదు.

అయితే సిలబస్ బరువొక్కటే కారణమైతే అందరూ ఒకే చోట తప్పరు. తప్పిన పేపర్లు తీసి చూస్తే తప్పు కనిపించేది కొత్త పాఠంలో కాదు, బాగా పాత పాఠంలో. దీన్ని ఒక లెక్కతో చూద్దాం.

పాలిటెక్నిక్ లెక్కల్లో మొదట్లోనే వచ్చేది పార్షియల్ ఫ్రాక్షన్స్. పేరు వింటేనే భయపడతారు. దీని మూలం ఆరో, ఏడో తరగతి భిన్నాల్లో ఉంది. సగంలోంచి మూడోవంతు తీసేస్తే ఎంత? 1/2 నుంచి 1/3 తీయాలంటే రెండింటి కిందా 6 రావాలి. 3/6 లోంచి 2/6 పోతే 1/6. ఇప్పుడు ప్రశ్నను తిప్పి అడుగుదాం: 1/6 చేతికిచ్చి, ఇది ఏ రెండు భిన్నాల తేడానో చెప్పమందాం. కింద ఉన్న 6ను 2 ఇంటూ 3గా విడగొట్టి, 1/2 మైనస్ 1/3 అని చెప్పాలి. ఇదే పార్షియల్ ఫ్రాక్షన్స్. పుస్తకంలో 2 బదులు ఎక్స్ అనీ, 3 బదులు ఎక్స్ ప్లస్ 1 అనీ ఉంటుంది. ఒకటి బై, బ్రాకెట్లో ఎక్స్ ఇంటూ ఎక్స్ ప్లస్ 1. దీన్ని విడగొడితే ఒకటి బై ఎక్స్, మైనస్ ఒకటి బై ఎక్స్ ప్లస్ 1 వస్తుంది. ఎక్స్ దగ్గర 2 వేసి చూసుకోండి, పైన చేసిన లెక్కే తిరిగి వస్తుంది. 4 వేస్తే 1/20 వస్తుంది. 1/4 లోంచి 1/5 తీసినా అంతే.

ఇది అర్థమైన పిల్లవాడికి పార్షియల్ ఫ్రాక్షన్స్ ఒక పూట పని. కానీ సగం, మూడోవంతు కలపమంటే పైవి పైకి, కిందివి కిందికి కలిపి 2/5 అని రాసే పిల్లలు పాలిటెక్నిక్‌లో కూడా ఉన్నారు. అలాంటి వాడికి ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పినా మంత్రంలాగే వినిపిస్తుంది. పోనీ, ఆ ఒక్క ప్రశ్న వదిలేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ఇదే విడగొట్టడం ఇంటిగ్రేషన్‌లో మళ్లీ వస్తుంది. లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్‌ను వెనక్కి తిప్పే లెక్కల్లో మళ్లీ వస్తుంది. లాప్లాస్ రావడం లేదని బాధపడే పిల్లల్లో చాలామందికి రానిది లాప్లాస్ కాదు, భిన్నాల కూడిక. తప్పు ఏడో తరగతిలో జరిగితే శిక్ష పాలిటెక్నిక్‌లో పడుతోంది.

మైనస్ గుర్తు దగ్గర జరిగేదీ ఇలాంటిదే. డిటర్మినెంట్ విప్పేటప్పుడు మధ్య పదానికి మైనస్ పెట్టాలని అందరికీ గుర్తుంటుంది. ఆ మైనస్ బ్రాకెట్ లోపలికి వెళ్లినప్పుడు లోపలి మైనస్ ప్లస్ అవుతుందన్నది మాత్రం చేతికి అలవాటై ఉండదు. పిల్లవాడు మాత్రికల పద్ధతంతా సరిగ్గా చేసి జవాబు తప్పుతాడు. పేపరు చూసుకున్నాక "మాట్రిసెస్ నాకు రావు" అనుకుంటాడు. వచ్చినదాన్ని రాదనుకోవడం రానిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ పరిస్థితిలో పిల్లలు పట్టుకునే ఊతకర్ర 'ఇంపార్టెంట్ కొశ్చన్స్'. గత నాలుగైదేళ్ల పేపర్లు చూసి, ఎక్కువసార్లు వచ్చిన లెక్కలు ఏరి, సొల్యూషన్‌తో సహా బట్టీ పట్టడం. దీన్ని తీసిపారేయను. సప్లీ గట్టెక్కడానికి చాలామందికి ఇది పనికొచ్చింది. చిక్కు ఎక్కడంటే, ఈసెట్‌లో అది పనిచేయదు.

తెలంగాణ ఈసెట్ పేపరు 200 మార్కులకు 200 ప్రశ్నలు. ఇంజనీరింగ్ డిప్లొమా వాళ్లకు బ్రాంచి సబ్జెక్టు 100, లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. మూడు గంటల సమయం, అంటే ప్రశ్నకు 54 సెకన్లు. కాలిక్యులేటర్ ఉండదు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి, తప్పుకు మార్కు కోత లేదు. క్వాలిఫై కావడానికి 25 శాతం, అంటే 50 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస నిబంధన కూడా లేదు. ఈ అంకెలు చూసి "లెక్కలు వదిలెయ్, బ్రాంచి మీద కొట్టు" అని సలహా చెప్పే సీనియర్లు ఉంటారు. క్వాలిఫై కావడమే గమ్యమైతే వాళ్ల మాట నిజమే. గుడ్డిగా పెట్టినా 50లో సగటున పన్నెండు తగులుతాయి. కానీ సీటు తెచ్చేది ర్యాంకు. ఒకే బ్రాంచి పిల్లలు ఒకే పుస్తకాలు చదివి ఉంటారు కాబట్టి ఆ 100లో తేడా కొంతే ఉంటుంది. ర్యాంకు విడిపోయేది లెక్కల దగ్గరే అని నా అంచనా. సెంటినరీ కాలనీలో 2010లో పెట్టిన జేఎన్‌టీయూ మంథని కాలేజీలోనో, 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కొత్తగూడెం సంస్థలోనో మైనింగ్ బీటెక్ కావాలనుకునే సింగరేణి పిల్లలు ఈ 50 మార్కులను వదులుకోవడం నాకు అర్థం కాని లెక్క.

పిల్లలు తరచూ గమనించని సంగతి ఇంకొకటి: ఈసెట్ లెక్కల సిలబస్ కొత్తదేమీ కాదు. మాత్రికలు, పార్షియల్ ఫ్రాక్షన్స్, త్రికోణమితి, విశ్లేషక జ్యామితి, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, అవకల సమీకరణాలు, లాప్లాస్, ఫోరియర్. పాలిటెక్నిక్‌లో చెప్పిందే ఇదంతా. బ్యాక్‌లాగ్ ఉన్నవాడు సప్లీకి వేరుగా, ఈసెట్‌కు వేరుగా చదవనక్కర్లేదు. సప్లీకి అర్థం చేసుకుని చదివితే ఈసెట్ లెక్కల్లో ఒక భాగం అయిపోయినట్టే.

అర్థం చేసుకోవడం అంటే ఏమిటి? బొగ్గుబాయి ఊళ్ల పిల్లలకు ఇంట్లోనే ఉన్న ఉదాహరణ ఒకటి చెబుతాను. ఇంక్లయిన్‌లో, అంటే ఏటవాలు బాయిలో దిగేవాళ్లు వాలు గురించి 'వన్ ఇన్ ఫోర్' అంటారు. అడ్డంగా నాలుగు మీటర్లు పోతే ఒక మీటరు లోతు దిగినట్టు. ఇది టాన్, విలువ 1/4. కోణం దాదాపు 14 డిగ్రీలు. ఇప్పుడు ఆ వాలు మీద టేపు పరిచి 100 మీటర్లు కొలిచామనుకుందాం. లోతు ఎంత? చాలామంది చప్పున 25 అంటారు. 25 రావాలంటే 100 మీటర్లు అడ్డంగా పోవాలి, మనం కొలిచింది ఏటవాలుగా. పైథాగరస్ ప్రకారం 4కు, 1కి ఏటవాలు భుజం 17 వర్గమూలం, సుమారు 4.12. అందుచేత లోతు 100ను 4.12తో భాగిస్తే వచ్చే సుమారు 24.25 మీటర్లు. ఇది సైన్. అడ్డంగా దూరం దానికి నాలుగింతలు, 97 మీటర్లు. ఇది కాస్. గని ప్లాన్ మీద సర్వేయర్ గీసేది 100 కాదు, ఈ 97. టాన్‌కూ సైన్‌కూ తేడా తెలియకుండా ఫార్ములాల పట్టిక బట్టీ పట్టినవాడు ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే తడబడతాడు. ఈ త్రిభుజం ఒక్కసారి చేత్తో గీసినవాడికి సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్ కలిపితే ఒకటి ఎందుకవుతుందో కూడా కనిపిస్తుంది: 1/17, 16/17 కలిపితే 17/17.

సరే, పాత లోపం సరిచేసుకోవాలంటే ఏడో తరగతి నుంచి మళ్లీ మొదలుపెట్టాలా? ఇక్కడ అమెరికా అనుభవం పనికొస్తుంది. అక్కడ కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్లు చదివి, విశ్వవిద్యాలయానికి మారే పద్ధతి ఉంది. మన డిప్లొమా, ఈసెట్ దారికి దగ్గరి చుట్టమే. వాళ్లకూ లెక్కలే అడ్డం. లెక్కల్లో వెనకబడ్డవాళ్లను చాలాకాలం కింది తరగతుల లెక్కల కోర్సుల్లో కూర్చోబెట్టారు. వాటికి డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్లు ఉండవు. ఒకటి పాసైతే ఇంకొకటి, దాని తర్వాత అసలు కోర్సు. ఎక్కువమంది ఆ మెట్ల మీదే చదువు మానేశారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేసి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఇలాంటి విద్యార్థులను చీటీలు తీసినట్టు మూడు జట్లుగా విడదీశారు. ప్రాథమిక బీజగణితం మాత్రమే చదివినవాళ్లలో 39 శాతం పాసయ్యారు. దానికి వారం వారం అదనపు క్లాసు తోడిస్తే 45 శాతం. నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి, పక్కన అలాంటి అదనపు క్లాసు పెడితే 56 శాతం. కాలిఫోర్నియా 2017లో, మళ్లీ 2022లో చట్టాలు చేసి ఆ కింది మెట్లను చాలావరకు తీసేసింది.

ఇంజనీరింగ్ పిల్లవాడికి బీజగణితం బదులు స్టాటిస్టిక్స్ ఇచ్చి పంపలేం, కాబట్టి ఈ ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. తీసుకోవలసింది వరస. వెనక్కి వెళ్లాలి, కానీ వెనకే ఉండిపోకూడదు. ఈ వారం పార్షియల్ ఫ్రాక్షన్స్ చెబుతుంటే ఆ ముందు రోజు సాయంత్రం భిన్నాలు చేయాలి. వచ్చే వారం డిటర్మినెంట్ అయితే బ్రాకెట్లూ గుర్తులూ చేయాలి. ఏ పాఠానికి ఏ పాత సంగతి కావాలో చెప్పగలిగేది అధ్యాపకుడు. సిగ్గుపడకుండా అడగవలసింది విద్యార్థి. పాలిటెక్నిక్ బోర్డు పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకుని, పుస్తకం చూడకుండా చేసి, సరిగ్గా ఏ లైను దగ్గర ఆగిందో అక్కడ గీత పెట్టుకుంటే సగం రోగం తెలిసిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే మాత్రికలతో అంటాను. పాత సరుకు తక్కువ కావాలి, చేత్తో చేసేకొద్దీ వస్తుంది, ఈసెట్‌లోనూ ఉంది. త్రికోణమితి తర్వాత పట్టుకోవచ్చు. డిఫరెన్షియేషన్ రాకుండా ఇంటిగ్రేషన్ జోలికి మాత్రం పోవద్దు.

సీటు వచ్చాక ఇంకో మెట్టు ఉంది, దీని గురించి ముందే చెప్పేవాళ్లు తక్కువ. జేఎన్‌టీయూలో నాలుగేళ్ల బీటెక్‌కు 160 క్రెడిట్లు, ఈసెట్‌లో వచ్చినవాళ్లకు 120. మొదటి ఏడాది క్రెడిట్లు మినహాయింపు, దాంతోపాటు ఆ ఏడాది చెప్పే లెక్కలూ పోతాయి. ఐగెన్ విలువలు, డబుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాలిక్యులస్ పక్క బెంచీ వాడు చదివేసి ఉంటాడు, మీరు వాటి పేర్లు అప్పుడే వింటారు. రెండో సంవత్సరం లెక్కల పేపరు అవి వచ్చుననుకునే మొదలవుతుంది. ఇలా వేరే దారుల్లో వచ్చేవాళ్లకు లెక్కల్లో బ్రిడ్జి కోర్సు పెట్టాలని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ చెబుతోంది. కాలేజీలో చేరిన రోజే అది ఉందా, ఎప్పుడు మొదలవుతుంది అని అడగాలి. లేదంటే కౌన్సెలింగ్‌కూ క్లాసులకూ మధ్య దొరికే వారాల్లో మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం సీనియర్ దగ్గర తీసుకుని, మాత్రికల దగ్గర నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ పుస్తకంలో మొదటి యూనిట్ కూడా అదే.