పుస్తకంలో పేరు దొరకనివారు

ఓ ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ వెళ్ళిపోతుంటే కొత్తవాళ్ళిద్దరు మాకోసం ఆగారు. భార్యాభర్తలు. దక్షిణాఫ్రికాలోని దర్బన్ నుంచి వచ్చారు. తెలుగు మాట్లాడలేరు గాని, నాయనమ్మ నేర్పిన పరలోక ప్రార్థనను మాత్రం ఆయన తెలుగులోనే చెప్పగలరు. సంచిలోంచి జాగ్రత్తగా ఓ కాగితం తీసి మా చేతిలో పెట్టారు. ఆయన ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కిన నాటి ప్రయాణికుల జాబితా నకలు అది. ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటిమీది పుట్టుమచ్చ కూడా అందులో రాసి ఉంది. ఊరు కొత్తపల్లి. ‘పాస్టరుగారూ, మీ పాత రిజిస్టరులో మావాళ్ళ పేరు ఉంటుందేమో చూస్తారా?’ అని అడిగారు.

చెరకు తోటల కూలీకని 1860 అక్టోబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసులో బయలుదేరి నవంబరు 16న దర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు మనదేశం నుంచి నాతాలుకు వెళ్ళినవారు లక్షా 52 వేల మంది. వారిలో తెలుగువారు చాలామంది, క్రైస్తవులూ ఉన్నారు. వారి ఆత్మీయ పరామర్శకోసం ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపాయి. ఇంగ్లీషువారి గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్న ఆ జాబితాలే ఇప్పుడు వారి మనవలకు, మునిమనవలకు దిక్కు.

మేము బీరువా తెరిచాం. పాత బాప్తిస్మపు రిజిస్టరు అంచులు చెదలు తినేశాయి. మిగిలిన పేజీల్లోనూ కొత్తగా పెట్టిన బైబిలు పేర్లే: మోషే, యోహాను, మార్త, రూతు. పాతపేరు కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. ఇంటిపేరు రాసినవి అరుదు. ఇక కొత్తపల్లి అంటారా, మా జిల్లాలోనే ఆ పేరుతో ఊళ్ళు నాలుగున్నాయి. సాయంత్రం దాకా వెదికాం. దొరకలేదు. ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ ఒక్కమాట అన్నారు: ‘అక్కడ మమ్మల్ని ఇండియన్లంటారు. ఇక్కడ మేమెవరమో చూపించే ముక్క దొరకలేదు.’

ఆ రాత్రి మాకు ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం గుర్తొచ్చింది. పేర్లు, అంకెలు తప్ప ఏముందిలే అని మనలో చాలామంది తిప్పేసే అధ్యాయం అది. బబులోను చెరనుంచి యెరూషలేముకు తిరిగివచ్చిన 42,360 మంది లెక్క అందులో ఉంది. ఇది ఫలానావారి సంతతి, ఇంతమంది అని వరుసగా చెప్పుకొచ్చిన లేఖికుడు, 59వ వచనం దగ్గర ఆగాడు. తేల్మెలహు, తేల్హర్షా మొదలైన చోట్లనుంచి వచ్చిన దెలాయ్యా, టోబీయా, నెకోదా సంతతివారు 652 మంది. తాము ఇశ్రాయేలీయులమేనని రుజువు చేసుకునే ఆధారం వారివద్ద లేదు. యాజకుల్లోనూ మూడు కుటుంబాలవారు, అంటే హబాయ్యా, హాక్కోజు, బర్జిల్లయి సంతతివారు, వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెదుక్కున్నారు. కనబడలేదు. దాంతో వారిని యాజకత్వంనుంచి తప్పించారు.

వారి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. క్రీస్తుపూర్వం 586లో దేవాలయం కాలిపోయింది. ఇల్లు పోయింది, ఊరు పోయింది, వాటితో కాగితమూ పోయింది. అయినా చెరలో పిల్లలకు యెరూషలేము గురించి చెప్పుకుంటూనే పెంచారు. రాజాజ్ఞ రాగానే సుఖంగా ఉన్నచోటు వదిలి నెలల తరబడి నడిచివచ్చారు. తీరా వచ్చాక ‘నీ పేరు పుస్తకంలో లేదు’ అన్నారు.

అయితే లేఖనం ఇక్కడ రెండు సంగతులు చెబుతుంది. మొదటిది, వారిని ఎవరూ వెనక్కి పంపలేదు. రుజువు లేని ఆ 652 మందినీ వచ్చినవారి పట్టీలోనే రాశారు. ఆధారం లేదన్న సంగతీ దాచలేదు, వారి పేరూ కొట్టివేయలేదు. రెండోది, యాజకుల విషయంలో అధికారి ఇచ్చిన తీర్పు ‘ఎన్నడూ కాదు’ అని కాదు. ఊరీము, తుమ్మీము ధరించిన యాజకుడు వచ్చేవరకు పరిశుద్ధ వస్తువులు తినవద్దన్నాడు. అంటే కాగితం తేల్చలేనిదాన్ని దేవునికే విడిచిపెట్టాడు.

ఈ కథ అక్కడితో ఆగలేదు. దాదాపు 80 ఏళ్ళ తర్వాత, క్రీస్తుపూర్వం 458లో, ఎజ్రా దేవాలయంకోసం వెండి బంగారాలు తీసుకుని యెరూషలేము చేరాడు. దాన్ని తూచి ఎవరి చేతికి అప్పగించారు? ఊరియా కుమారుడు, యాజకుడు అయిన మెరేమోతు చేతికి (ఎజ్రా 8:33). ఆ తర్వాత నెహెమ్యా గోడ కట్టించినప్పుడు హాక్కోజు సంతతివాడైన ఊరియా కుమారుడు మెరేమోతు ఒక భాగం బాగుచేశాడు (నెహెమ్యా 3:4). అదే అధ్యాయం 21వ వచనంలో మరో భాగం కూడా కట్టాడు. అది ప్రధాన యాజకుడైన ఎల్యాషీబు ఇంటి ముందరి గోడ! ఈ మెరేమోతు, ఎజ్రా చెప్పిన మెరేమోతు ఒక్కడేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. పుస్తకంలో పేరు దొరకని హాక్కోజు ఇంటివాడు ప్రధాన యాజకుని వాకిట రాళ్ళు పేరుస్తున్నాడు. వారికి ఊరీము తుమ్మీములతో తీర్పు ఎప్పుడు వచ్చిందో లేఖనం చెప్పదు. ఆ ఇంటివారు మాత్రం దేవుని పని వదల్లేదు. అలిగి బబులోనుకు తిరిగిపోలేదు.

ఇదంతా రాస్తుంటే మా మనస్సాక్షిని గుచ్చుతున్న సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఓ అమ్మాయి ఉండేది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఎవరో హాస్టలు గేటు దగ్గర వదిలివెళ్తే అక్కడే పెరిగి, నర్సింగు చదివింది. సండేస్కూలు పిల్లలకు ఆమె అంటే ప్రాణం. మంచి విశ్వాస కుటుంబంనుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఇష్టపడ్డాడు. మధ్యవర్తిగా మేమూ కూర్చున్నాం. అంతా కుదిరిందనుకున్న సమయంలో అబ్బాయి పెద్దనాన్న ‘ఇంతకీ అమ్మాయి ఎవరి తాలూకండీ? ఇంటిపేరేమిటి?’ అన్నారు. హాస్టలు రిజిస్టరులో తండ్రి పేరుండాల్సిన చోట ఖాళీ ఉంది. ‘ఆలోచించి చెబుతాం’ అని లేచారు. మళ్ళీ రాలేదు. ఆరోజు మేము నోరు తెరిచి చెప్పాల్సిన మాట చెప్పలేదు. పెద్దవాళ్ళతో ఎందుకు తగాదా అనుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం టీకప్పులు తీసి లోపలికి వెళ్తూ మావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు.

కల్దీయుల పుస్తకాలు, యూదుల పుస్తకాలు సరే. మరి మనం ప్రతి క్రిస్మస్‌కూ చదివే మత్తయి మొదటి అధ్యాయం మాటేమిటి? వంశావళిలో దాచిపెట్టదగిన పేర్లనే అందులో బయటపెట్టాడు దేవుడు. తామారు, రాహాబు, మోయాబీయురాలైన రూతు, ఊరియా భార్య. మచ్చలేని వంశమని చూపాలనుకున్న గుమాస్తా ఎవరూ ఆ నాలుగు పేర్లు రాయరు. మూడో శతాబ్దపు ఆఫ్రికానస్ చెప్పినట్టుగా యూసేబియస్ ఓ సంగతి రాశాడు. తన పుట్టుక గొప్పది కాదని హేరోదు యూదుల వంశావళి పత్రాలను తగలబెట్టించాడట. పుట్టుకకు సిగ్గుపడిన రాజు పుస్తకాలు కాల్చాడు. రాజులకు రాజు సిగ్గుపడకుండా వారందరినీ తన పుస్తకంలో రాయించుకున్నాడు.

బెన్యామీను గోత్రమని చూపించుకోగల పౌలు, క్రీస్తునుబట్టి దాన్ని నష్టంగా ఎంచుకున్నాడు. దత్తపుత్రాత్మను పొంది దేవుణ్ణి తండ్రీ అని పిలుస్తున్నామని రోమా సంఘానికి రాశాడు. దత్తత ఇంట్లో తండ్రి పేరు గడి ఖాళీగా ఉండదు. తనను అంగీకరించినవారికి దేవుని పిల్లలయ్యే అధికారం ప్రభువే ఇచ్చాడని యోహాను సువార్త చెబుతోంది. సంఘంలో కూర్చుని ‘ఎవరి తాలూకు’ అని అడిగితే, దానికి జవాబు బాప్తిస్మం రోజునే చెప్పేశాం.

అలాగని పాత రిజిస్టర్లు అక్కరలేదని కాదు. ఎజ్రా పేర్లు రాయించాడు గనుకనే ఈరోజు మెరేమోతు కథ మనకు తెలిసింది. మీ సంఘంలోని బాప్తిస్మం, వివాహం, భూస్థాపన రిజిస్టర్లను చెదలు పట్టకముందే ఫొటోలు తీయించండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నమోదైన పెళ్ళిళ్ళ వివరాలు రిజిస్ట్రారు కార్యాలయానికి వెళతాయి గనుక, మీ దగ్గర పుస్తకం పోయినా అక్కడ అడిగి చూడొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వారి తాతల పేర్లు, ఊళ్ళు అడిగి రాసిపెట్టుకోండి. వెదకడం తప్పు కాదు. దొరకనివారిని తక్కువగా చూడడమే తప్పు.

దర్బన్ దంపతులు మర్నాడు బయలుదేరేముందు గుడికి వచ్చారు. ముగ్గురం మోకరించాం. ఆయన తన నాయనమ్మ తెలుగులో పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. ‘మా తండ్రీ’ అన్నారు. ఆ రెండు మాటల దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. మిగతాది మేము పూర్తిచేశాం. ఆయన వెదుకుతూ వచ్చిన బంధుత్వం మా బీరువాలో లేదు. ఆ ప్రార్థన మొదటి మాటలోనే ఉంది.

ఈ ఆదివారం మీ పక్కన కూర్చున్నవారిలో ఎవరి రిజిస్టరులో ఏ గడి ఖాళీగా ఉందో మీకు తెలియదు. వారితో ముందుగా మాట్లాడండి. ఇంటిపేరు అడగకుండా మాట్లాడండి.