సంస్థ మూతపడినా మిగిలిన విద్య

లాస్‌వెగాస్ పేరు చెప్పగానే జూదశాలలు స్ఫురిస్తాయి. అయితే కంప్యూటర్ యుద్ధక్రీడల చరిత్రలో కూడా అమెరికాలోని ఈ ఎడారి నగరానికి ప్రత్యేక స్థానం ఉంది. అక్కడి పెట్రోగ్లిఫ్ సంస్థ 2016 ఏప్రిల్‌లో విడుదల చేసిన ‘8-బిట్ ఆర్మీస్’ అనే ఆట, చూపులకు పిల్లలు ప్లాస్టిక్ దిమ్మెలతో పేర్చిన బొమ్మల కొలువును తలపిస్తుంది. ఆ దిమ్మెల వెనుక మాత్రం కొలువు పోగొట్టుకున్న కొందరు నిపుణుల గాథ దాగి ఉంది.

చదరంగంలో ఒకరు ఎత్తు వేసేవరకు రెండోవారు వేచి ఉంటారు. ‘రియల్‌టైమ్ స్ట్రాటజీ’గా వ్యవహరించే ఈ తరహా ఆటలో వంతులు ఉండవు. ఒకవైపు వాహనాలతో వనరులను శుద్ధి కేంద్రానికి చేరవేస్తూ, మరోవైపు శిబిరాలు నిర్మించి సైనికులను, ట్యాంకులను సమకూర్చుకుంటూ, అదే సమయంలో శత్రువుపై దాడికి దిగాలి. ఆలోచనలో జాప్యం చేసిన ప్రతి క్షణం ప్రత్యర్థికి లాభమే.

ఈ పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చినది లాస్‌వెగాస్‌లోనే 1985లో ఆరంభమైన వెస్ట్‌వుడ్ సంస్థ. 1992లో ‘డ్యూన్-2’, 1995లో ‘కమాండ్ అండ్ కాంకర్’ ఆటలను అది వెలువరించింది. 1998లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే భారీ సంస్థ దానిని 12 కోట్ల 25 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. అయిదేళ్లు తిరగకుండానే, 2003లో వెస్ట్‌వుడ్ మూతపడింది. కొందరు సిబ్బంది లాస్‌ఏంజెలిస్‌కు తరలివెళ్లగా, మరికొందరు సొంత ఊరినే నమ్ముకున్నారు. అదే సంవత్సరం మైక్ లెగ్, జో బోస్టిక్, స్టీవ్ టాల్ కలిసి పెట్రోగ్లిఫ్‌ను స్థాపించారు. ఆ పేరుకు రాతిపై చెక్కిన బొమ్మ అని అర్థం.

అనుభవం వారి వెంట వచ్చింది గాని, వారు సృష్టించిన ఆటల పేర్లు రాలేదు. వాటి హక్కులు కొన్న సంస్థవద్దే ఉండిపోయాయి. దానితో వారు ఇతరుల కోసం ఆటలు తయారు చేశారు. 2006లో వచ్చిన ‘స్టార్ వార్స్: ఎంపైర్ ఎట్ వార్’ అటువంటిదే. పదమూడేళ్ల తర్వాత ‘8-బిట్ ఆర్మీస్’ను మాత్రం తామే ప్రచురించారు.

అందులోని దిమ్మెల బొమ్మలు కేవలం అలంకారం కావు. సహజత్వం ఉట్టిపడే దృశ్యాలకు చిత్రకారులు, కాలం, ధనం విరివిగా కావాలి. ఘనాకారపు బొమ్మలతో చిన్న బృందం సైతం ఆటను పూర్తిచేయగలదు. పైగా వేగంగా సాగే పోరులో ఏది ట్యాంకో, ఏది కర్మాగారమో చూడగానే పోల్చుకోవచ్చు. 8 బిట్లతో 256 విలువలను మాత్రమే సూచించగలం. 1980ల నాటి గృహ కంప్యూటర్లను గుర్తుచేయడానికే ఆ పేరు పెట్టారు తప్ప, ఆట నడిచేది ఆధునిక యంత్రాల మీదనే. అదే ఏడాది ‘8-బిట్ హోర్డ్స్’, ‘8-బిట్ ఇన్వేడర్స్’ కూడా వెలువడ్డాయి. ఒక ఆటలోని సేనను మరో ఆటలోని సేనతో తలపడేలా చేయగలగడం విశేషం.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. పాత ‘కమాండ్ అండ్ కాంకర్’ను పునరుద్ధరించాలని సంకల్పించిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, ఆ పనిని పెట్రోగ్లిఫ్‌కే అప్పగించింది. నాటి సంగీతకారుడు ఫ్రాంక్ క్లెపాకీ సహా పాతవారు పాలుపంచుకున్న ఆ సంకలనం 2020 జూన్‌లో విడుదలైంది. 17 ఏళ్ల క్రితం మూసిన తలుపును యజమానే వచ్చి తట్టినట్లయింది. అయితే వారు తిరిగి అడుగుపెట్టింది హక్కుదారులుగా కాదు, కాంట్రాక్టుపై పనిచేసేవారుగా.

ఈ వృత్తాంతం మనకు దూరపుది కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనిపక్షంలో ఉద్యోగ విధుల్లో భాగంగా సృష్టించిన రచనకు తొలి హక్కుదారు యజమానే. కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇది వర్తిస్తుంది. ఉద్యోగ ఒప్పందంపై సంతకం చేసే యువ ఇంజనీర్లు జీతం అంకెతోపాటు ఈ షరతును కూడా చదవడం మేలు. సృష్టి సంస్థకు చెందవచ్చు. దానిని సృష్టించిన నేర్పు మాత్రం పనివాడితోనే నడిచి వెళుతుందని దిమ్మెల సేనలు చాటుతున్నాయి.